సైరన్ వినపడని చోట

గత జనవరిలో మా అబ్బాయి ఫలితాలు వచ్చాయి. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, మొదటి సెమిస్టరు. రెండు సబ్జెక్టులు పోయాయి. పదో తరగతికీ, ఇంటర్‌కీ మా వీధంతా మిఠాయి పంచేలా చేసిన పిల్లవాడు. ఫోన్లో నేను ఏ తండ్రైనా అనే మాటే అన్నాను. "ఇరవై మూడేళ్ళుగా ఎండనక వాననక పది కొట్టేలోపు బ్యాంకులో ఉంటున్నాను. హాస్టల్ పక్కనే ఉన్న క్లాసుకి నువ్వు వెళ్ళలేవా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "నువ్వు వెళ్ళకపోతే పావుగంటలో ఫోనొస్తుంది నాన్నా. నేను వెళ్ళకపోతే ఎవరికీ తెలీదు."

కోపమొచ్చి ఫోను పెట్టేశాను. కోపం తగ్గడానికి రెండు రోజులు పట్టింది. ఆ మాటలో నిజముందని ఒప్పుకోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అలా ఒప్పుకోవడానికి నేను ప్రస్తుతం పనిచేస్తున్న ఊరు కూడా కొంత కారణం.

ఆ ఊరు ఖరగ్‌పూర్. బదిలీ ఆర్డరు చూసి మా ఆవిడ మ్యాపు తెరిస్తే, మా నాన్న పెట్టె తెరిచాడు. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి 2010లో రిటైరయ్యాడు. నేను పుట్టింది మథురాకాటి రైల్వే క్వార్టర్లలో. ఇక్కడ ఇంతమంది తెలుగువాళ్ళేమిటని కొత్తగా వచ్చిన మన స్టాఫు అడుగుతుంటారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ని పెద్ద జంక్షనుగా, వర్క్‌షాపు ఊరుగా పెంచింది. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న లైను కూడా 1902లో ఆ కంపెనీ చేతికే వచ్చింది. అంటే శ్రీకాకుళం పల్లెల పక్కనుంచి వెళ్ళే రైలూ, ఖరగ్‌పూర్‌లో పనిచ్చే కంపెనీ ఒకటే. మనవాళ్ళు అక్కడ ఎక్కారు, ఇక్కడ దిగారు. ఇక్కడి స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి గాని, మా నాన్న ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

మా చిన్నప్పుడు రైల్వే ఊళ్ళో పొద్దు పొడిచేది వర్క్‌షాపు సైరన్‌తోనే. మొదటి సైరన్‌కి నాన్న సైకిలెక్కి ఉండాలి. ఆఖరి సైరన్ ఆగేలోపు గేటు దాటి, తన నంబరున్న టోకెను తీసుకోవాలి. ఆలస్యమైతే జీతంలో కోత. మా అమ్మ ఇడ్లీ పాత్ర కూడా సైరన్‌ని బట్టే పొయ్యెక్కేది. "సైరనైపోనాది, లెగిసినావేటిరా?" అన్నది మాకు సుప్రభాతం. క్రమశిక్షణ అంటే మా నాన్నే అని వీధిలో పేరు. నేనూ అలాగే నమ్మాను.

ఈ.పి. థాంప్సన్ అనే ఇంగ్లండు చరిత్రకారుడు 1967లో ఈ గంటల మీదే పెద్ద వ్యాసం రాశాడు. ఫ్యాక్టరీలు రాకముందు మనుషులు గడియారం చూసి కాక పనిని చూసి బతికేవారనీ, పని ఉన్న రోజుల్లో ఒళ్ళు హూనం చేసుకుని, లేని రోజుల్లో తీరుబడిగా తిరిగేవారనీ చెప్పాడు. గంట ప్రకారం పనిచెయ్యడం మనిషికి పుట్టుకతో రాలేదు, గంటలూ జరిమానాలూ అజమాయిషీలూ కలిసి తరాలపాటు నేర్పాయన్నది ఆయన వాదన. ఆ పాత పద్ధతి సొంత పని చేసుకునేవాళ్ళలో, అంటే కళాకారుల్లో, రచయితల్లో, చిన్న రైతుల్లో ఇంకా మిగిలి ఉందని రాస్తూ, బహుశా విద్యార్థుల్లో కూడా అని ఒక మాట కలిపాడు. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మా తాత శ్రీకాకుళం జిల్లాలో రైతు. నాట్లప్పుడూ కోతలప్పుడూ తిండీ నిద్రా ఉండేవి కావు, మిగతా రోజుల్లో రావిచెట్టు కింద కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ సోమరి అనలేదు. ఆయన కొడుకు ఖరగ్‌పూర్ వచ్చి సైరన్ మనిషయ్యాడు. మనవణ్ణి నేను మళ్ళీ సైరన్ లేని చోటికి, కాలేజీకి వెళ్ళాను. విద్యార్థి పనంతా రైతు పనిలాగే ఏడాది చివర పంట కోసం. తేడా ఒక్కటే. నాటు దాటిపోతే పంట లేదని రైతుకి చూడగానే తెలుస్తుంది. కోత ముందురోజు రాత్రి కూర్చుని నాట్లు వేసెయ్యొచ్చని విద్యార్థి నమ్ముతాడు.

నేనూ నమ్మాను. ఇంటర్ దాకా ఇక్కడే చదివి, డిగ్రీకి విశాఖపట్నం వెళ్ళాను. అప్పట్లో సెమిస్టర్లు లేవు, ఏడాదికొకటే పరీక్ష. జులైలో చేరితే మార్చి అనేది వేరే దేశంలో ఉన్నట్టుండేది. గదిలో నలుగురం. మ్యాట్నీ సినిమాలకు హాజరు పూర్తిగా ఉండేది, క్లాసులకే లేదు. రెండో సంవత్సరం స్టాటిస్టిక్స్ పోయింది. నాన్నకి ఉత్తరం రాయడానికి వారం పట్టింది. ఆయన తిట్టలేదు. "నువ్వు అక్కడ పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నావు?" అని మాత్రం అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో జబ్బు పట్టుకున్నాడని అప్పుడు నాకు అర్థం కాలేదు.

తర్వాత బ్యాంకులో క్లర్కుగా చేరాను. చేరిన మూడో నెలకి నేను కొత్త మనిషిని. తొమ్మిదిన్నరకే బ్రాంచిలో ఉండేవాణ్ణి. "ఉద్యోగం వచ్చాక బుద్ధొచ్చింది" అని ఇంట్లో అందరూ సంతోషించారు. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు వెనక్కి చూస్తే నా బుద్ధి ఎప్పటిలాగే ఉంది, చుట్టూ ఉన్న ఏర్పాట్లే మారాయి.

జీతం వస్తుంది కాబట్టి పనిచేస్తాం, కాలేజీలో ఎదురు మనమే కడతాం కాబట్టి చెయ్యం అని చాలామంది సులువుగా తేల్చేస్తారు. ఎంబీఏలో మేం చదువుకున్న హెర్జ్‌బెర్గ్ ఈ విషయమే పట్టుకున్నాడు. పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండు వందలమంది ఇంజనీర్లనీ, అకౌంటెంట్లనీ అడిగి 1959లో పుస్తకం వేశాడు. జీతం సరిగా లేకపోతే మనిషి బాధపడతాడు, సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహంతో ఉరకడు అని దాని సారాంశం. మన అనుభవమూ అదే కదా. జీతం నెలాఖరుకి ఒకసారి పడుతుంది. బద్ధకంగా ఉన్న మంగళవారం పన్నెండు గంటలకి ఎవరికీ అది గుర్తు రాదు. ఆ గంటలో మనల్ని కదిలించేది కౌంటరు అవతల పాసుపుస్తకం పట్టుకుని నిలబడ్డ ముసలాయన. ఆయన్ని రేపు రమ్మనడానికి నోరు రాదు.

ఇక మన పని ఎలా అల్లి ఉందో చూడండి. సాయంత్రం క్యాష్ తేలాలి. తేలకపోతే ఇల్లు లేదు. క్యాషియర్‌గా మొదటి ఏడాది ఒకరోజు నాకు ఐదు వందలు తక్కువొచ్చింది. రాత్రి ఎనిమిదిన్నరకి ఒక కట్టలో అదనంగా పోయిన నోటు దొరికేదాకా మేనేజరు గారూ కదల్లేదు, నేనూ కదల్లేదు. పొద్దున్న చేసిన తప్పు ఆ సాయంత్రానికే కళ్ళముందుకొచ్చింది. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి ఆమోదించాలి. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. ఇదంతా మనం దొంగలమని కాదు. మనిషి అలసిపోతాడు, మరచిపోతాడు, వాయిదా వేస్తాడు అని తెలిసినవాళ్ళు అల్లిన అల్లిక ఇది.

అప్పుల సంగతైతే మరీ. వాయిదా తప్పిన రోజు నుంచే ఆ ఖాతా ఎస్‌ఎంఏ-0, అంటే కన్నేసి ఉంచాల్సిన ఖాతా. 30 రోజులు దాటితే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2, 90 దాటితేనే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఖాతా చెడిపోయేలోపు మూడు మెట్ల మీద మూడుసార్లు కబురొస్తుంది. మా అబ్బాయి సెమిస్టరులో ఎస్‌ఎంఏలు లేవు, ఉన్నా ఎవరూ చూడలేదు. నేరుగా ఎన్‌పీఏనే వచ్చింది. మనం ఇచ్చే చదువు రుణానికి కూడా అసలు వాయిదాలు కోర్సు అయ్యాక ఏడాదికి గాని మొదలవవు. అంతా దూరమే. ఉన్నంతలో నయమేమిటంటే, తర్వాతి విడత ఇచ్చేముందు మార్కుల షీటు అడుగుతాం. ఎందరో తల్లిదండ్రులు పిల్లల మార్కులు మొదటిసారి నా టేబులు మీదే చూశారు. అది వేరే కథ.

ఇదంతా చదివి, బ్యాంకు ఉద్యోగి సహజంగానే క్రమశిక్షణ గలవాడని మా సహోద్యోగులెవరైనా మీసం మెలేస్తే, నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. సీఏఐఐబీ. అది పాసైతే ఇంక్రిమెంటు వస్తుందని తెలుసు. పుస్తకాలు కొంటాం, అట్టలు కూడా వేస్తాం. పగలు నిమిషం ఆలస్యం కాకుండా క్యాష్ తేల్చిన మనిషే, సాయంత్రం ఆ పుస్తకం ముందు కూర్చుంటే ఆవులిస్తాడు. పరీక్షకి పదిరోజులు ఉందనగా సెలవు చీటీ పెడతాడు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఈ దృశ్యం చూడని ఇల్లాలు, పిల్లలు ఉండరు. నేను దూరవిద్యలో ఎంబీఏ మూడేళ్ళలో అవ్వాల్సింది ఐదేళ్ళు చేశాను. అదే మనిషి, అదే రోజు. పది నుంచి ఐదు దాకా ఉద్యోగి, ఏడు గంటలకి కాలేజీ కుర్రాడు. తనని తాను అదుపులో పెట్టుకునే శక్తి నిజంగా ఉద్యోగికి సొంతమైతే సాయంత్రం ఏడింటికి ఎక్కడికి పోయింది?

పోనీ మేమంటే చిన్న ఊరి బ్రాంచివాళ్ళం. అమెరికాలో ఎంఐటీలో, ఉద్యోగాలు చేస్తూ మేనేజిమెంటు కోర్సులో చేరిన పెద్దవాళ్ళ మీద డాన్ ఆరియేలీ, క్లాస్ వెర్టెన్‌బ్రోక్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేసి 2002లో ప్రకటించారు. మూడు వ్యాసాలు రాసివ్వాలి. ఒక క్లాసుకి మూడు గడువులు సమంగా పంచి వాళ్ళే పెట్టారు. ఇంకో క్లాసుకి గడువులు మీరే పెట్టుకోండి, కానీ దాటితే మార్కులు తగ్గుతాయి అన్నారు. లెక్క ప్రకారం తెలివైనవాడు మూడూ ఆఖరి రోజుకే పెట్టుకోవాలి. చాలామంది అలా చెయ్యలేదు. తమ బలహీనత తమకి తెలిసి ముందు తేదీలే పెట్టుకున్నారు. అయినా సగటున, బయటినుంచి గడువులు పెట్టించుకున్న క్లాసుకే మెరుగైన మార్కులొచ్చాయి. సొంత గడువు పనికిరాదని కాదు, పనికొస్తుంది. అయితే మనం మనకి పెట్టుకునే గడువులో మొహమాటం ఉంటుంది.

కాలేజీ పిల్లల్లో ఉత్సాహమే లేదనేవాళ్ళు ఒక్క దీపావళికి ఖరగ్‌పూర్ రండి. రైల్వే ఊరికి అవతల, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఉంది. చిన్నప్పుడు మాకది వేరే లోకం. అటు సైరన్ లేదు, పిల్లలు ఇష్టమొచ్చినప్పుడు లేస్తారట అని చెప్పుకునేవాళ్ళం. దీపావళి రాత్రి మాత్రం ఊరంతా అటే నడుస్తుంది. ప్రతి హాస్టలూ, వాళ్ళు హాలు అంటారు, వెదుళ్ళతో పెద్ద పెద్ద చట్రాలు కట్టి, వాటి నిండా మట్టి ప్రమిదలు అమర్చుతుంది. కరెంటు దీపాలు ఆర్పేసి అవి వెలిగిస్తే చీకట్లో బొమ్మలు తేలతాయి, పురాణ కథలూ దేవతలూ గుర్రాలూ. కింద నేలమీద రంగవల్లులు. హాలుకీ హాలుకీ పోటీ. దానికోసం వారాల ముందునుంచి ఆ పిల్లలు రాత్రుళ్ళు వెదుళ్ళు కడతారు. పొద్దున ఎనిమిది గంటల క్లాసుకి లేవలేని పిల్లలు కూడా అందులో ఉంటారు. మార్కులు లేవు, జీతం లేదు.

మొన్న దీపావళికి ఆ చట్రాల కింద నిలబడి, ఇందులో ఏముంది క్లాసులో లేనిది అని ఆలోచించాను. దీపావళి ఎవరికోసమూ వాయిదా పడదు. నువ్వు కట్టకపోతే పక్కవాడి చట్రం ఆగిపోతుంది, వాడు గది తలుపు కొడతాడు. కట్టింది కట్టినట్టు కళ్ళకి కనిపిస్తుంది. ఇవన్నీ మన క్యాష్ కౌంటరులో ఉన్నవే. మ్యాథమెటిక్స్ మూడో యూనిట్‌లో ఇవేవీ లేవు.

ఈ ఊళ్ళో ఇలాంటి మాట ఎత్తితే ఎవరో ఒకరు ధోనీని తెస్తారు. 2001లో ఆయన ఇక్కడే టీటీఈగా చేరాడు, కొన్నాళ్ళకి వదిలేసి ఎక్కడికో వెళ్ళాడు. "చూడండి, ఇష్టమున్న పని దొరికితే క్రమశిక్షణ అదే వస్తుంది" అంటారు. నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. ఇష్టం నిజమే గాని, ఆటలో కూడా జట్టుంది, మ్యాచ్ తేదీ ఉంది, స్కోరు అప్పటికప్పుడే తెలుస్తుంది. ఒంటరిగా ఇష్టాన్ని మోసేవాళ్ళు చాలా అరుదు.

అయితే ఉద్యోగం గెలిచింది, కాలేజీ ఓడిందని నేననడం లేదు. నాకు మరో భయం ఉంది. అది మా నాన్న వల్ల కలిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక్క సైరన్ తప్పని మనిషి రిటైరై విశాఖలో మా ఇంటికి వచ్చాక, మొదటి ఏడాది తొమ్మిదింటిదాకా మంచం దిగేవాడు కాదు. గడ్డం పెరిగేది. గోడ గడియారం బ్యాటరీ మారుస్తానని నాలుగు నెలలు మార్చలేదు. అనారోగ్యమేమోనని పరీక్షలన్నీ చేయించాం, ఏమీ లేదు. ఆయన్ని అన్నేళ్ళూ లేపింది ఆయన కాదు. అది తెలిసినప్పుడు ఆయనకంటే నాకే ఎక్కువ భయమేసింది. ఎందుకంటే నాకింకా పద్నాలుగేళ్ళ సర్వీసు ఉంది, ఆ తర్వాత నేనేమిటి?

ఆయన్ని బయటికి లాగింది పక్క వాటాలో ఉండే రిటైరైన టీచరు గారు. రోజూ ఐదున్నరకి గేటు దగ్గర నిలబడి, వీధంతా వినపడేలా "బావగారూ!" అని పిలిచేవారు. వెళ్ళకపోతే పరువు పోతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియకుండా పోయింది.

అందుకే కాలేజీ నాలుగేళ్ళని నేనిప్పుడు వేరేగా చూస్తున్నాను. బయట గంట లేకుండా బతకాల్సిన మొదటి నాలుగేళ్ళు అవి. తర్వాత మళ్ళీ అలాంటి కాలం వచ్చేది అరవైలోనే. మధ్యలో ఉన్న మనకి ఆ సాధన అవసరం పడదు కాబట్టి, అదెంత కష్టమో మరచిపోయి ఫోన్లో ఉపన్యాసాలిస్తాం.

మా అబ్బాయికి ఏం చేశామో చెప్తాను. మందు చెప్పడం లేదు, జరిగింది చెప్తున్నాను. మొదట నేనే పర్యవేక్షకుణ్ణయ్యాను. రోజూ రాత్రి చేసిన లెక్కల ఫొటో నాకు పంపాలి. పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు ఫొటో రాలేదు, నేను ఫోను చేశాను, అది ఇన్‌స్పెక్షన్ రిపోర్టుకి సంజాయిషీ అడిగినట్టే సాగింది. మా ఆవిడ ఫోను లాక్కుని, "ఇంట్లో కూడా ఆడిటేనా?" అంది. అది ఆగిపోయింది. తండ్రి చెకరుగా పనికిరాడని నా అభిప్రాయం. తండ్రి దగ్గర పోయేది మార్కులు కాదు, మొహం. మొహం దాచుకోవడానికి పిల్లలు ఏమైనా చేస్తారు.

తర్వాత వాడే ఒక తోవ వెతుక్కున్నాడు. అదే రెండు సబ్జెక్టులు పోయిన ఇంకో కుర్రాడు ఉన్నాడు. ఇద్దరూ సాయంత్రం ఆరింటికి లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకడు చేసిన లెక్క రెండోవాడు దిద్దాలి. రాకపోతే రెండోవాడి టిఫిన్ ఖర్చు మొదటివాడిది. మన మేకర్-చెకర్ పద్ధతే గాని, వాళ్ళకి ఆ పేరు నేను చెప్పలేదు. సిలబస్‌ని కూడా నెలల లెక్కన కాకుండా ఆ సాయంత్రానికి తేలే ముక్కలుగా కోసుకున్నారు. మే నెలలో పరీక్ష రాస్తే రెండింట్లో ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ఆ కుర్రాడికి రెండూ వచ్చాయి. మా వాడు ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. జనవరిలో వాడికి ఆ నవ్వు లేదు. మిగిలిన సబ్జెక్టు నవంబరులో రాయాలి.

పొద్దున లేవడం మాత్రం ఇంకా సమస్యే. దాన్ని మా నాన్న తీసుకున్నాడు. మేం ఇప్పుడు ఐఐటీ వైపు ప్రేంబజార్ దగ్గర అద్దెకుంటున్నాం, వర్క్‌షాపు సైరన్ మా ఇంటిదాకా వినపడదు. అయినా రోజూ ఉదయం ఆరున్నరకి ఆయన వరండాలో నిలబడి మనవడికి ఫోను చేస్తాడు. పలకరింపేమీ ఉండదు. "సైరనైపోనాది, లెగిసినావేటిరా?" అంటాడు. అవతల నుంచి ఏదో ఒకటి వినపడేదాకా పెట్టడు.

ఆదివారం చెయ్యడు. వర్క్‌షాపుకి సెలవు.